నడుస్తూ లెక్క చెప్పగలరా?

సాయంత్రం నడకలో నాన్న దగ్గర ఓ సంగతి గమనించాను. మామూలు కబుర్లకైతే నడుస్తూనే ఊఁ కొడతారు. "చిన్నాన్న రిటైరైంది ఏ ఏడాది?" అని అడిగితే మాత్రం టక్కున ఆగిపోతారు. గోడకు చెయ్యి ఆనించి, గుర్తు తెచ్చుకుని, చెప్పాకే మళ్లీ అడుగేస్తారు. వయసు కదా అని సరిపెట్టుకున్నాను.

అంత తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు. స్వీడన్ పరిశోధకులు వృద్ధుల వసతి గృహాల్లోని 58 మందితో నడుస్తూ మాట కలిపి చూశారు. 12 మంది మాట్లాడటానికి ఆగిపోయారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది కిందపడ్డారు. 1997లో 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో వచ్చిందిది. పరికరాలేమీ అక్కర్లేని పరీక్ష!

వయసులో ఉన్నప్పుడు నడక దానంతటదే సాగిపోతుంది. పైబడేకొద్దీ చూపు మందగిస్తుంది, లోపలి చెవి పనితనం తగ్గుతుంది, పాదాల స్పర్శ మొద్దుబారుతుంది. ఆ లోటును మెదడు ధ్యాసతో పూడుస్తుంది. ఉన్న ధ్యాసంతా అడుగులకే పోతే ప్రశ్నకు మిగిలేదెంత? నిజానికి ఆగడం మంచి జాగ్రత్తే. కానీ మెట్ల మీద ఉండగా ఎవరో పిలిస్తే ఆగే వ్యవధి ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో అన్ని వయసులవాళ్లూ కలిపి కిందపడి చనిపోయేవారు ఏటా 6.84 లక్షల మంది.

మనం చేసే పొరపాటు ఒంటి సాధననూ బుర్ర సాధననూ విడదీయడం. పొద్దున ఒంటికాలి మీద నిలబడటం, మధ్యాహ్నం కుర్చీలో సుడోకు. దేనికదే మంచిది, కాదనను. అయితే కుర్చీలో వచ్చిన నేర్పంతా కాళ్లలోకి దిగుతుందని చెప్పలేం. రెండూ ఒకేసారి చేయాల్సిన క్షణంలో మనిషి తూలే ప్రమాదం ఎక్కువ. అందుకే సాధన కూడా ఒకేసారి జరగాలి.

జెనీవాలో 65 దాటిన 134 మందిలో కొందరితో ముందుగా, మిగతావారితో తర్వాత ఇలాంటి ప్రయత్నమే చేశారు. వారానికో గంట, పియానో వరస మారినప్పుడల్లా అడుగు మార్చాలి. 2011లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఇంకా మొదలుపెట్టని వాళ్లతో పోలిస్తే ముందు మొదలుపెట్టినవాళ్లు పడిపోవడం సగానికి పైగా తగ్గింది. అందులో సంగీతం వాటా ఎంత, ఉత్త కదలిక వాటా ఎంత అని విడదీసి చెప్పలేం. దీన్ని పట్టుకుని మతిమరుపు పోతుందని యాప్‌లు అమ్మేవాళ్ల మాట నేను నమ్మను.

ఇంట్లో చేయాలంటే ముందు నిలకడ కుదరాలి. తూలే మనిషికి లెక్కలివ్వడం ప్రమాదం. కుదిరాక గోడ పక్కనే, ఇంకొకరు తోడుండగా, మడమకు వేళ్లు తగిలేలా గీత మీద నడుస్తూ 100 నుంచి మూడేసి తీసేయాలి. ధ్యాస కాసేపు అడుగుల మీద, కాసేపు అంకెల మీద. పాదం గీత దాటితే లెక్క బరువైందని అర్థం. లెక్క గడగడా వచ్చేస్తుంటే అది మరీ తేలికైందని.

లెక్క 82 దగ్గరికి వచ్చేసరికి నాన్న పాదం పక్కకు పడుతోంది. నిన్న మూడు బదులు రెండేసి తీసేయమన్నాను. "చిన్నపిల్లల లెక్కా నాకు?" అని చిరాకుపడ్డారు, నడుస్తూనే.