గంట జరిపే అధికారంపై కంప్యూటర్ల కుట్ర

ఎన్నికల్లో గెలిచి వచ్చిన ప్రభుత్వం, వేసవి వెలుతురు వృథా కాకూడదని గడియారాన్ని ఒక గంట ముందుకు జరపమంటే (దీన్నే డేలైట్ సేవింగ్ అంటారు), జరగడానికి కంప్యూటర్‌కు వచ్చిన ఇబ్బంది ఏమిటో నాకు అర్థం కావడం లేదు. గోడ గడియారం జరుగుతుంది. చేతి గడియారం జరుగుతుంది. బడిలో గంట కొట్టే అటెండరు కూడా సర్క్యులర్ చూసి బుద్ధిగా గంట ముందే కొడతాడు. ఒక్క కంప్యూటర్ మాత్రం "నాకెవరూ చెప్పలేదే" అని మొహం పెడుతుంది. పైగా దాని తరఫున వకాల్తా పుచ్చుకున్న ప్రోగ్రామర్లు ప్రభుత్వాలకే సలహాలిస్తున్నారు. టైమ్ మార్చాలనుకుంటే కనీసం ఏడాది ముందు చెప్పాలట. ఏడాది! మన ఇళ్లలో పెళ్ళికి కూడా అంత ముందు ముహూర్తం పెట్టుకోం.

ఇంత పొగరు దానికి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. సెకన్ల లెక్క కంప్యూటర్‌కు బాగా వచ్చు. ఎన్‌టీపీ అనే పద్ధతిలో అణు గడియారాల దగ్గర టైమ్ కనుక్కుని, మిల్లీసెకన్ల తేడాలో తనను తాను సరిచేసుకుంటుంది. కానీ అలా తెచ్చుకునేది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్, ఒక్కటే. న్యూయార్క్‌లో ఇప్పుడు డేలైట్ సేవింగ్ నడుస్తోందా, కైరోలో రద్దు చేశారా అన్నది అణు గడియారానికి తెలియదు. అందులోని సీజియం పరమాణువు కేబినెట్ మీటింగులకు వెళ్ళదు కదా. అందుకే అంత ఖరీదైన సర్వర్ కూడా, ఒక్క మిల్లీసెకను అటూ ఇటూ పోకుండా, సరిగ్గా గంట తప్పు చూపించగలదు.

ఆ గంట సంగతంతా టీజెడ్ (టైమ్ జోన్) డేటాబేస్ అనే కొన్ని టెక్స్ట్ ఫైళ్లలో ఉంటుంది. 1980లలో అమెరికాలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే ఆయన మొదలుపెట్టారు. తర్వాత ఏళ్ల తరబడి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ ఎగర్ట్ చూసుకుంటున్నారు. ఏ దేశం ఏ తేదీన గడియారం జరిపింది, ఎప్పుడు మనసు మార్చుకుంది, మళ్ళీ ఎప్పుడు జరిపింది, అన్నీ అందులో వరసగా రాసి ఉంటాయి. ఆండ్రాయిడ్, ఐఫోన్, లినక్స్, జావా అన్నిటికీ అదే ఆధారం. విండోస్‌కు మాత్రం సొంత పట్టిక ఉంది. అంటే సార్వభౌమాధికారం గల మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం జనం జేబుల్లోకి చేరాలంటే ముందు ఎక్కడో ఒక ప్రొఫెసర్‌గారు ఫైల్లో ఒక లైను మార్చాలి. తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళు, ఆ తర్వాత ఫోన్ కంపెనీ వాళ్ళు, చివరికి అప్‌డేట్ అడిగిన ప్రతిసారీ "తర్వాత" అని నొక్కే మీరు. గెజిట్‌కు ఇంతకన్నా అవమానం ఉంటుందా?

ముందుగా చెబితే ఏదో ఒరుగుతుందనుకునే అమాయకులు అమెరికాను చూడాలి. 2005 ఆగస్టు 8న అధ్యక్షుడు బుష్ ఇంధన విధాన చట్టం మీద సంతకం పెట్టారు. ఏప్రిల్ మొదటి ఆదివారం మొదలయ్యే డేలైట్ సేవింగ్‌ను మార్చి రెండో ఆదివారానికి తెచ్చారు. అక్టోబరు చివరి ఆదివారం అయిపోవాల్సినదాన్ని నవంబరు మొదటి ఆదివారం దాకా సాగదీశారు. అక్టోబరు 31న పిల్లలు ఇంటింటికీ తిరిగి మిఠాయిలడిగే హాలోవీన్ పండుగ సాయంత్రం వాళ్ళకు వెలుతురుండాలని మిఠాయి వ్యాపారులు చాలాకాలంగా కోరుతున్నారు, ఆ కోరికా తీరింది. అమలు 2007 మార్చి 11 నుంచి. పంతొమ్మిది నెలల గడువు! చాలా ఆఫీసులు ఆ గడువును ఎలా వాడుకున్నాయో పరీక్షల ముందు రాత్రి పుస్తకం తెరిచిన ప్రతి ఒక్కరికీ తెలుసు. చివరి వారాల్లో సర్వర్‌కో ప్యాచ్ (సాఫ్ట్‌వేర్‌కు వేసే అతుకు), జావాకో ప్యాచ్, మెయిల్ క్యాలెండర్‌కో ప్యాచ్. ఒకటి వేసి ఇంకోటి మరిచిపోతే ఒకే గదిలో రెండు టైములు.

విండోస్ ఎక్స్‌పీలో ఇంకో వేడుక. దానికి ఒక టైమ్ జోన్‌కు ఒక నియమం మాత్రమే గుర్తుండేది. కొత్త నియమం ఎక్కిస్తే గడిచిపోయిన ఏళ్లకు కూడా అదే వర్తింపజేసేది. ప్యాచ్ వేసిన మర్నాటికి 2006 మార్చిలో ఎప్పుడో ముగిసిపోయిన వ్యవహారాల టైములు కూడా గంట తేడాగా కనబడ్డాయి. భవిష్యత్తును మారుస్తామని చెప్పే ప్రభుత్వాలను చూశాం. అయిపోయినదాన్ని గంట పక్కకు నెట్టిన ఘనత మాత్రం ఈ చట్టానిదే.

ఇంత చేసి ఏం మిగిలిందని గొణిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు అమెరికా ఇంధన శాఖ 2008లో కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదిక చూపించాలి. పెంచిన ఆ నాలుగు వారాల వల్ల ఏడాది కరెంటు వాడకంలో 0.03 శాతం ఆదా అయింది. సున్నా కాదు, గమనించండి. ఇండియానాలో 2006లో రాష్ట్రమంతటా డేలైట్ సేవింగ్ మొదలయ్యాక ఇళ్లలో కరెంటు వాడకం దాదాపు 1 శాతం పెరిగిందని ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కతేల్చారు. లైట్లలో మిగిలింది ఏసీల్లో పోయిందట. ఇలాంటి లెక్కలు వేసేవాళ్ళ వల్లే దేశాలు బాగుపడవు.

అన్నట్టు ఈ వెలుతురు ఆదా మాట మొదట ఎత్తిన పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1784లో పారిస్ పత్రికకు ఒక ఉత్తరం రాశారు. పొద్దున్నే లేస్తే కొవ్వొత్తులు మిగులుతాయి కాబట్టి కిటికీ తలుపుల మీద పన్ను వేయాలని, లేవనివాళ్ళను లేపడానికి వీధివీధిలో ఫిరంగులు పేల్చాలని. ఆయన సరదాకు రాశారు. గడియారం జరపమని కూడా అనలేదు. నూట ముప్పై రెండేళ్లకు, 1916లో, జర్మనీ దేశం మొత్తానికీ గడియారమే జరిపేసింది. నాలాంటివాళ్ళం కాస్త చూసుకుని రాయాలి. ఎవరు ఎప్పుడు సీరియస్‌గా తీసుకుంటారో తెలియదు.

పాలన అంటే ఎలా ఉండాలో నేర్పింది ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాలు. 2016లో ఈజిప్టులో జులై 7న గడియారాలు ముందుకు జరగాలి. అంతా సిద్ధం చేసుకుని కూర్చున్నాక, రెండు మూడు రోజుల ముందు, వద్దులే అన్నారు. మొరాకో ఇంకా చురుకు. 2018 అక్టోబరు 28 ఆదివారం గంట వెనక్కి తిప్పాల్సి ఉండగా, 26వ తేదీ శుక్రవారం మంత్రివర్గం కూర్చుని, ఇకమీదట ఏడాది పొడవునా వేసవి టైమే ఉంటుందని తేల్చేసింది. ఒక్క రంజాన్ నెలలో మాత్రం గంట వెనక్కి. రంజాన్ చాంద్రమానం ప్రకారం వస్తుంది కాబట్టి ఏటా తేదీ మారుతుంది. ఇప్పుడు ప్రొఫెసర్‌గారి ఫైల్లో మొరాకోకు 2087 దాకా ఏ ఏడు ఏ ఆదివారం జరగాలో ముందే లెక్కకట్టి పెట్టారు. కోడ్ రాసుకుని బతకాల్సినవాళ్ళ చేత పంచాంగం గుణింపించింది మొరాకో ప్రభుత్వం. ఉగాదికి మనవాళ్ళు ఒక్క ఏడాదికి వేస్తారు, వీళ్ళు డెబ్భై ఏళ్లకు వేశారు.

అయినా వీళ్ళందరికీ గురుపీఠం లెబనాన్. 2023 మార్చి 25 శనివారం అర్ధరాత్రి అక్కడ గంట ముందుకు జరగాలి. సరిగ్గా 23వ తేదీ గురువారం ప్రధాని నజీబ్ మికాతీ ఆ మార్పును ఏప్రిల్ 21కి వాయిదా వేశారు. రంజాన్ నెల కదా, గడియారం జరపకపోతే ఉపవాసం ఏడింటికి బదులు ఆరింటికే ముగుస్తుందని. సూర్యుడు ఎప్పటి వేళకే అస్తమిస్తాడు, అంకె మాత్రం మారుతుంది. అక్కడి పెద్ద క్రైస్తవ శాఖ మారోనైట్ చర్చి కుదరదంది, మేం పాత నియమం ప్రకారం జరుపుకుంటామంది. కొన్ని టీవీ ఛానళ్లు, కొన్ని బడులు అదే దారి పట్టాయి. ఆదివారం తెల్లవారేసరికి అంత చిన్న దేశంలో రెండు టైములు. అపాయింట్‌మెంట్ అంటే ఎన్నింటికి అని కాకుండా ఎవరి టైమ్ ప్రకారం అని అడగాల్సిన పరిస్థితి. జాతీయ విమాన సంస్థ గడియారాలు ఒక టైమూ విమానాలు ఇంకో టైమూ పాటించేలా సర్దుకుంది. ఫోన్లు కొన్ని జరిగాయి, కొన్ని జరగలేదు. ఏది దేశభక్తి గల ఫోనో చెప్పడం కష్టం.

టీజెడ్ డేటాబేస్ వాళ్ళు గురువారమే హడావిడిగా 2023బి అని కొత్త వెర్షన్ వదిలారు. సోమవారం మంత్రివర్గం కూర్చుని నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది, బుధవారం రాత్రి నుంచి గంట ముందుకే అంది. మంగళవారం 2023సి వచ్చింది. దాని పని ఒక్కటే, 2023బిలో చేసింది చెరిపేయడం. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, గురువారం వెర్షన్‌ను పట్టించుకోకుండా ఫ్యాన్ కింద పడుకున్న కంపెనీలే చివరికి ఒప్పు చేసినట్టయింది. రాత్రంతా మేలుకుని ప్యాచ్ వేసినవాళ్ళు మళ్ళీ మేలుకున్నారు.

మేలుకోవడం అంటే మన హైదరాబాద్ గుర్తొస్తుంది. అమెరికాలో గడియారం మారేది ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు, అందరూ నిద్రలో ఉంటారు, ఎవరికీ ఇబ్బంది ఉండకూడదని. ఆ ఎవరిలో మాదాపూర్ లేదు. న్యూయార్క్‌లో మార్చి నెల రాత్రి రెండు గంటలంటే మనకు మధ్యాహ్నం పన్నెండున్నర, ఆదివారం బిర్యానీ మూత తీసే వేళ. అంతటితో అయిపోదు. షికాగో రెండు గంటలు మనకు ఒంటిగంటన్నరకు వస్తుంది. డెన్వర్ రెండున్నరకు, కాలిఫోర్నియా మూడున్నరకు. నడుస్తున్న సిస్టమ్‌లను కాపలా కాసే ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఉన్న అబ్బాయి నాలుగు విడతలుగా లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. ఆ రోజు అక్కడ రెండుంపావు, రెండున్నర అనే టైములే ఉండవు కాబట్టి రెండున్నరకు తనంతట తానే నడవాల్సిన ప్రోగ్రామ్ (జాబ్) నడవకపోవచ్చు. నవంబరులో ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది, అప్పుడు ఆ వేళకు పెట్టిన జాబ్ రెండుసార్లు నడిచి ఒకే బిల్లును రెండుసార్లు పంపొచ్చు. కొందరు దీన్ని సమస్య అంటారు. ఇన్ని వేల కుటుంబాలకు అన్నం పెడుతున్న చట్టాన్ని సమస్య అనడం కృతఘ్నత.

న్యూయార్క్ క్లయింట్ పొద్దున తొమ్మిదిన్నరకు పెట్టే స్టాండప్ కాల్ (రోజువారీ చిన్న మీటింగు) వేసవిలో మనకు రాత్రి ఏడింటికి, చలికాలంలో ఎనిమిదింటికి. యూరప్ మార్చి చివరి ఆదివారం దాకా ఆగుతుంది కాబట్టి నడుమ రెండు మూడు వారాలు లండన్, న్యూయార్క్, హైదరాబాద్ ముగ్గురూ ఒకే కాల్‌కు వేర్వేరు గంటల్లో వచ్చి, ఎదుటివాళ్ళే ఆలస్యమని ఓపిగ్గా ఎదురుచూస్తారు. ఆ ఓపికను జట్టు స్ఫూర్తి అంటారని అప్రైజల్ ఫారంలో చదివాను.

కంప్యూటర్లకు బుద్ధిచెప్పే ప్రయత్నం ఒక్కసారి గట్టిగానే జరిగింది. చేసింది ప్రభుత్వం కాదు, జ్యోతిషం. 2011 సెప్టెంబరు 30న ఆస్ట్రోలేబ్ అనే అమెరికన్ జ్యోతిష సాఫ్ట్‌వేర్ కంపెనీ ఓల్సన్, ఎగర్ట్ ఇద్దరి మీదా కోర్టులో కేసు వేసింది. పాత రోజుల్లో ఏ ఊళ్ళో ఏ టైమ్ నడిచిందన్న సమాచారం తాము హక్కులు కొన్న అట్లాస్‌లోనిదని ఆరోపణ. దాంతో ప్రపంచం నలుమూలలా గడియారాలకు ఆధారమైన సర్వర్ కొన్నాళ్లు మూతపడింది. ఆ అక్టోబరులోనే ఇంటర్నెట్ పేర్లు, నంబర్లు చూసుకునే ఐకాన్ సంస్థ కిందున్న ఐయానా ఆ బాధ్యత తీసుకుంది. 2012 ఫిబ్రవరిలో కంపెనీ కేసు ఉపసంహరించుకుంది. జరిగిపోయిన వాస్తవాలు ఎవరి సొత్తూ కావని తనే ఒప్పుకుంది.

నవ్వకండి. జ్యోతిషులకు ఈ గంట ఎంత ముఖ్యమో అమెరికాలో పిల్లల్ని కన్న తెలుగు తల్లిదండ్రులను అడగండి. లగ్నం సుమారు రెండు గంటలకోసారి మారుతుంది. ఆస్పత్రి కాగితంలోని టైమ్‌లోంచి డేలైట్ సేవింగ్ గంట తీసేయడం మరిచిపోతే పిల్లాడి లగ్నమే మారిపోవచ్చు, ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత సంబంధం తప్పిపోవచ్చు. అరిజోనాలో పుడితే ఇంకా చిక్కు. రాష్ట్రం గడియారం జరపదు, అందులో నవాహో అనే ఆదివాసీల ప్రాంతం జరుపుతుంది, నవాహో నడిబొడ్డున ఉన్న హోపీ అనే ఇంకో ఆదివాసీల ప్రాంతం జరపదు. కారులో వెళ్తూ వెళ్తూ దారిలో ప్రసవమైతే ఏ సిద్ధాంతిగారూ సాయపడలేరు. మనకూ ఈ బెడద ఒకప్పుడు ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇండియాలో గడియారం గంట ముందుకు జరిపి, 1945 అక్టోబరు 15న తీసేశారు. 1943లో పుట్టిన తాతగారి జాతకం వేసేటప్పుడు ఇప్పటికీ ఆ గంట తీసే లెక్కకట్టాలి.

జరిపేవాళ్ళ సంగతి అలా ఉంచితే, జరుపుతామని చెప్పి జరపనివాళ్ళ గొప్పతనాన్ని ఎవరూ గుర్తించడం లేదు. గడియారాలు తిప్పే పద్ధతి 2021తో ఆపేయాలని యూరప్ పార్లమెంటు 2019 మార్చి 26న 410–192 ఓట్లతో తీర్మానించింది. ఇంకా తిప్పుతూనే ఉన్నారు. ఏడాదంతా డేలైట్ సేవింగే ఉంచాలన్న బిల్లును అమెరికా సెనేట్ 2022 మార్చి 15న ఒక్కరూ అడ్డుచెప్పకుండా ఆమోదించింది. ప్రతినిధుల సభ దాన్ని చేతితో కూడా ముట్టుకోలేదు. ప్రోగ్రామర్లు కోరిన ముందస్తు నోటీసు అంటే ఇదే కదా? ఇచ్చారు. మార్పు ఒక్కటే ఇవ్వలేదు.

ఇంత విలువైన అధికారాన్ని ఇప్పుడు మన దేశంలో ఏ మంత్రీ వాడుకోకపోవడం నన్ను కలచివేస్తోంది. యూటీసీతో ఐదున్నర గంటల తేడా, ఏడాదికి ఏడాది అదే. మన రెండు తెలుగు రాష్ట్రాలైనా చొరవ చూపాలి. ఆంధ్రప్రదేశ్‌కు గంట ముందుకు, తెలంగాణకు అరగంట. అరగంటేమిటని అడగకండి, ఆస్ట్రేలియాలో లార్డ్ హోవ్ దీవి అరగంటే జరుపుతుంది, తు.చ. తప్పకుండా పూర్వాచారం ఉంది. నాగార్జునసాగర్ గేట్లు ఎవరి టైమ్ ప్రకారం ఎత్తాలో తేల్చడానికి ఒక ట్రిబ్యునల్ వేయవచ్చు, అలవాటైన పనే. ఉత్తర్వులు శుక్రవారం సాయంత్రం ఆఫీసులు మూసేశాక ఇస్తే మంచిది. ప్రొఫెసర్‌గారికి ఒక మెయిల్ పెట్టాలా అని కార్యదర్శి అడిగితే, సోమవారం చూద్దామని చెప్పండి. ఆలోపు ఎలాగూ వెనక్కి తీసుకోవాల్సి రావచ్చు.