సీసానికి పసుపు విరుగుడా?

సీసం, పాదరసం, కాడ్మియం వంటి భార లోహాల వల్ల నాడీకణాలకు జరిగే హానిని కొన్ని మొక్కల రసాయనాలు అడ్డుకోగలవని చెప్పే పరిశోధన పత్రాలు గత రెండు దశాబ్దాల్లో కుప్పలుతెప్పలుగా వచ్చాయి. పసుపులోని కుర్కుమిన్, ఉల్లిలోని క్వెర్సెటిన్, వెల్లుల్లిలోని అల్లిసిన్, గ్రీన్ టీలోని కాటెకిన్లు ఈ జాబితాలో తరచూ కనిపిస్తాయి. ఆ పత్రాల సారాంశం ఆరోగ్య శీర్షికల్లోకి, అక్కడి నుంచి వాట్సాప్‌లోకి, చివరికి గోళీల డబ్బాల మీదికి చేరేసరికి ‘విషాన్ని కడిగేసే పసుపు’గా మారిపోతుంది. ప్రయోగశాలలో తేలిన విషయాలను కొట్టిపారేయాల్సిన పని లేదు. అయితే ఆ ప్రయోగాలు దేనికి జవాబు వెతికాయో, మార్కెట్ దేన్ని అమ్ముతోందో విడివిడిగా చూడాలి. ఇందుకు సీసాన్ని, పసుపును ఉదాహరణగా తీసుకోవడం మేలు, ఎందుకంటే మన దేశంలో ఈ రెండూ ఒకే పొట్లంలో దొరికే ప్రమాదం కూడా ఉంది.

సీసం శరీరాన్ని మోసం చేసే పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. దాని అయాను కాల్షియంలా ప్రవర్తిస్తుంది కనుక, కాల్షియం కోసం నాడీకణం తెరిచి ఉంచిన ద్వారాల గుండానే లోపలికి దూరి, ఒక కణం మరో కణానికి సంకేతం పంపే చోట పనిని తారుమారు చేస్తుంది. నాడీకణం మీద సంకేతాలను అందుకుంటూ, నేర్చుకోవడానికి, జ్ఞాపకానికి కీలకమైన ఎన్ఎండీఏ గ్రాహకాన్ని అణచివేస్తుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమ్ తయారీకి అవసరమైన ఒక ఎంజైములో జింకు ఉండాల్సిన చోట తాను కూర్చుంటుంది. దాంతో వాడకంలోకి రాని అమైనో లెవులినిక్ ఆమ్లం అనే ముడిసరుకు పేరుకుపోయి ఆక్సీకరణ ఒత్తిడిని, అంటే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు కణాన్ని దెబ్బతీసే స్థితిని పెంచుతుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి కణం దాచుకున్న గ్లూటాథయోన్‌కు కూడా అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. రక్తంలో సీసం సగానికి తగ్గడానికి సుమారు నెల రోజులు పడితే, ఎముకల్లో చేరినది దశాబ్దాల పాటు నిలిచి ఉంటుంది. పెద్దవాళ్లు మింగిన సీసంలో సుమారు పదో వంతు ఒంటికి పడితే, చిన్నపిల్లలకు దాదాపు సగం దాకా పడుతుంది. ప్రమాదం లేని స్థాయి అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మొక్కల రసాయనాలు ఇందులో ఎక్కడ జోక్యం చేసుకుంటాయి? మొదటిది, లోహాన్నే పట్టుకోవడం. కుర్కుమిన్ అణువు నడుమ రెండు ఆక్సిజన్ పరమాణువులున్న భాగం లోహ అయాన్లను పట్టుకోగలదు. దక్షిణాఫ్రికా పరిశోధకులు 2004లో ఎలుకల మెదడు కణజాలం మీద దీన్ని చూపించారు. రెండోది, నా దృష్టిలో అంతకంటే ఆసక్తికరమైనది. ఈ పదార్థాలు ఫ్రీ రాడికల్స్‌ను ఒక్కొక్కటిగా పట్టి చంపుతాయన్న పాత వివరణ సరిపోదని ఇప్పుడు తెలుసు. కణంలో ఎన్ఆర్ఎఫ్-2 అనే ప్రోటీన్‌ను కీప్-1 అనే మరో ప్రోటీన్ కట్టిపడేసి ఉంచుతుంది. కుర్కుమిన్, ఆవజాతి కూరల్లోని సల్ఫోరాఫేన్ వంటివి కీప్-1 మీద ఉన్న గంధకపు కొనలకు తగులుకోగానే ఆ కట్టు సడలుతుంది. ఎన్ఆర్ఎఫ్-2 కేంద్రకంలోకి వెళ్లి గ్లూటాథయోన్ తయారీకి, ఇతర రక్షణ ఎంజైములకు సంబంధించిన జన్యువులను మేల్కొల్పుతుంది. అంటే మొక్క ఇచ్చేది చిన్నపాటి చికాకు, రక్షణ కణం స్వయంగా చేసుకునే పని. జీవశాస్త్రంగా ఇది చక్కని విషయం, దీని మీద పరిశోధన సాగాల్సిందే.

చిక్కంతా కాలం దగ్గర మొదలవుతుంది. ఈ తరహా ప్రయోగాల్లో ఎక్కువ భాగం ఎలుకకు లోహం ఇవ్వడానికి ముందు గానీ, దానితో పాటు గానీ మొక్క రసాయనాన్ని ఇస్తారు. నిజ జీవితంలో పాత బ్యాటరీలు కరిగించే చోటు పక్కన పెరిగిన పిల్లవాడికి ఎవరైనా రక్త పరీక్ష చేయిస్తే అది హాని జరిగిన తరువాతే. అప్పుడు సీసాన్ని తగ్గిస్తే మెదడు కోలుకుంటుందా అన్న ప్రశ్నకు అమెరికాలో పెద్ద పరీక్షే జరిగింది. రక్తంలో డెసిలీటరుకు 20 నుంచి 44 మైక్రోగ్రాముల సీసం ఉన్న 780 మంది పసిపిల్లల్లో కొందరికి లోహాన్ని బయటకు లాగే సక్సిమర్ అనే మందును, మిగతావారికి ఉత్తుత్తి మందును ఇచ్చారు. సక్సిమర్ తీసుకున్న వారి రక్తంలో సీసం తగ్గింది. తెలివితేటల, ప్రవర్తన పరీక్షల్లో మాత్రం తేడా కనిపించలేదని 2001లో ప్రకటించారు. పిల్లలకు ఏడేళ్లు వచ్చాక మళ్లీ చూసినా అదే ఫలితం. గట్టి మందుకే సాధ్యం కానిది పాలలో చిటికెడు పసుపుకు సాధ్యమవుతుందని చెప్పేవారు దానికి తగ్గ రుజువు చూపించాలి.

మనుషుల మీద రుజువు అసలు లేదని కూడా అనలేము. ఇరాన్‌లో కారు బ్యాటరీల కర్మాగార కార్మికులు 117 మందిని రెండు జట్లు చేసి, నాలుగు వారాల పాటు ఒక జట్టుకు వెల్లుల్లి మాత్రలు, మరో జట్టుకు లోహాన్ని బయటకు లాగే పెన్సిలమైన్ మందు ఇచ్చి చూశారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం రక్తంలో సీసం రెండు జట్లలోనూ దాదాపు ఒకేలా తగ్గింది. తలనొప్పి, చిరాకు వంటి లక్షణాలు వెల్లుల్లి జట్టులో మెరుగుపడ్డాయి. ఈ రంగంలో ఉన్నవాటిలో ఇది లెక్కలోకి తీసుకోదగ్గ అధ్యయనం. కానీ ఉత్తుత్తి మందు తీసుకున్న జట్టు లేదు కాబట్టి ఆ తగ్గుదలలో వెల్లుల్లి వాటా ఎంతో తేల్చడం కష్టం.

ఇక మోతాదు సంగతి. ఎలుకలకు కిలో బరువుకు 100 మిల్లీగ్రాముల కుర్కుమిన్ ఇవ్వడం ఇలాంటి ప్రయోగాల్లో మామూలే. ఔషధశాస్త్రంలో వాడే మార్పిడి ప్రకారం 60 కిలోల మనిషికి ఇది రోజుకు ఇంచుమించు ఒక గ్రాము శుద్ధ కుర్కుమిన్ అవుతుంది. పసుపులో కుర్కుమిన్ సుమారు 3 శాతం అనుకుంటే, రోజూ 30 గ్రాములకు పైగా పసుపు తినాలి. తిన్నా ఒంటికి పట్టేది అతి స్వల్పం. 1998లో బెంగళూరు పరిశోధకులు రెండు గ్రాముల కుర్కుమిన్ ఇచ్చి చూస్తే రక్తంలో దాని జాడ దాదాపు దొరకలేదు. మిరియాలలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే ఇరవై రెట్లు పెరిగింది. ఈ ఇరవై రెట్లనే ప్రకటనల్లో వాడుకుంటారు, అది దాదాపు సున్నాకు ఇరవై రెట్లన్న సంగతి మాత్రం చెప్పరు.

అదే 30 గ్రాముల పసుపును సీసం వైపు నుంచి చూద్దాం. మన ఆహార భద్రత ప్రమాణాలు పసుపులో గ్రాముకు 10 మైక్రోగ్రాముల దాకా సీసాన్ని అనుమతిస్తాయి. ఆ అంచున ఉన్న పసుపు 30 గ్రాములు తింటే 300 మైక్రోగ్రాముల సీసం కడుపులోకి పోతుంది. బిడ్డల్ని కనే వయసు స్త్రీలకు ఆహారం ద్వారా అందే సీసానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టుకున్న సూచిక రోజుకు 8.8 మైక్రోగ్రాములు. ఇది చట్టం ఒప్పుకున్న పసుపు లెక్క. భారత్, పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకల్లోని 23 నగరాల పసుపు నమూనాలను పరీక్షించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో పట్నా, కరాచీ, పెషావర్‌లలో గ్రాముకు 1000 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం ఉన్న నమూనాలు బయటపడ్డాయి. రంగు వెలిసిన కొమ్ములకు మెరుపు తేవడానికి పాలిష్ చేసేటప్పుడు లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చ రంగును పులమడమే దీనికి ప్రధాన కారణం.

బంగ్లాదేశ్ ఈ ముడిని విప్పిన తీరు గమనించదగ్గది. గర్భిణుల రక్తంలో ఉన్న సీసం పసుపు నుంచే వస్తోందని 2019లో పరిశోధకులు ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) ఆధారంగా చూపించాక, అక్కడి ఆహార భద్రత సంస్థ పత్రికల్లో హెచ్చరికలు వేయించింది, ఢాకా టోకు మార్కెట్‌లో చేతిలో పట్టుకునే ఎక్స్‌రే పరికరంతో సరుకును అక్కడికక్కడే పరీక్షించి వ్యాపారులకు జరిమానాలు వేసింది. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతం సీసంతో కనిపించగా 2021 నాటికి అది సున్నాకు చేరింది. పసుపు మిల్లుల కార్మికుల రక్తంలోనూ సీసం సుమారు 30 శాతం తగ్గింది. సీసం నుంచి నాడీకణాలను ఇంత పెద్ద ఎత్తున కాపాడిన మొక్క రసాయనం ఏదీ నాకు తెలియదు.

ఆహారం చేయగలిగింది ఏమీ లేదా అంటే, ఉంది. కాకపోతే అది ప్రకటనలకు ఎక్కేంత ఆకర్షణీయమైనది కాదు. పేగుల్లో ఇనుము, కాల్షియం తక్కువైతే సీసం ఎక్కువగా ఒంటికి పడుతుంది. అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ పిల్లల్లో సీసం తాకిడికి గురైనవారికి కుర్కుమిన్ గోళీ కంటే అంగన్‌వాడీలో సక్రమంగా అందే గుడ్డు, పాలు, ఐరన్ సిరప్ ముందుగా కావాలి.

2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. పంటలో కుర్కుమిన్ శాతం ఎంత, ధర ఎంత అన్నవి అక్కడ చర్చకు వచ్చే ప్రశ్నలు, రావాలి కూడా. వాటి పక్కనే నిజామాబాద్, దుగ్గిరాల యార్డుల్లో పాలిష్ చేసిన కొమ్ములకు సీసం పరీక్షను, మిల్లుల్లో పొడి పీల్చే కూలీలకు రక్త పరీక్షను చేర్చాలి. సరుకును పరీక్షించే ఆ ఎక్స్‌రే పరికరం కొత్తది కాదు, ఫలితం నిమిషాల్లో వస్తుంది, నిజాయతీగా పండించిన రైతు సరుకుకు విదేశీ కొనుగోలుదారు అడిగే ధ్రువపత్రమూ దాంతోనే సిద్ధమవుతుంది.