పని అయిపోయింది సరే, పని వచ్చిందా?

"మా కాలంలో మేమెంత కష్టపడ్డామో తెలుసా" అని మొదలుపెట్టేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. బట్టలు చేత్తో ఉతికితే వ్యక్తిత్వం పెరగదు, నడుం నొప్పి పెరుగుతుంది. బిల్లు కట్టడానికి గంటల తరబడి లైన్లో నిలబడటంలో గొప్పేమీ లేదు, అదంతా ఫోన్లోకి వచ్చేసింది, చాలా సంతోషం. (పైగా ఆ ఇంటి చాకిరీ పడింది ఎక్కువగా ఆడవాళ్లు, తలుచుకుని మురిసిపోయేది మగవాళ్లు.) కాబట్టి ఇది ఆ బాపతు పోస్ట్ కాదు.

నా గొడవ వేరు. కొన్నిట్లో కష్టం పనికి అడ్డం, తీసేస్తే పని హాయిగా సాగుతుంది. ఇంకొన్నిట్లో ఆ కష్టమే పని. లెక్క ఎక్కడ తప్పిందో వెతకడం, చదివింది గుర్తుతెచ్చుకోవడం, మనసులో ఉన్నదానికి మాట దొరక్క కొట్టుకోవడం, ఇవన్నీ ఆ రకం. వీటిల్లో కష్టం తీసేస్తే ఫలితం చేతికొస్తుంది గానీ మనకేమీ రాదు. యాప్‌లు, ఏఐలు అమ్మేవాళ్లు మాత్రం రెండింటికీ ఒకటే పాట పాడతారు, మీ శ్రమ తగ్గిస్తాం అని.

అసలు మోసం ఎక్కడుందంటే, తేలిగ్గా అయిపోయిన పని మనకు బాగా వచ్చేసినట్టే అనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని దాన్నే మళ్లీ మళ్లీ చదవమన్నారు, ఇంకొందరిని చదివాక కాగితం పక్కనపెట్టి గుర్తున్నంతా రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం ఆగి పెడితే మొత్తం తారుమారైంది, తంటాలుపడి గుర్తుతెచ్చుకున్నవాళ్లకే ఎక్కువ మిగిలింది. నాకు భలే నచ్చిన ముక్క ఏంటంటే, మాకు బాగా గుర్తుంటుందిలే అని ముందు ఎక్కువ ధీమాగా చెప్పింది మళ్లీ మళ్లీ చదివిన బ్యాచే! ఏఐ విడమర్చి ఇచ్చిన జవాబు చదివి "ఆ, అర్థమైంది" అని తలూపే మనమంతా ఆ బ్యాచే. ఫోన్ పక్కనపెట్టి తెల్ల కాగితం మీద మొదటి లైను రాయమనండి, అప్పుడు తెలుస్తుంది.

అలవాటు తప్పిన చేతికి ఆపదలో పని అప్పగిస్తే ఏమవుతుందో 2009 జూన్ 1న చూశాం. రియో డి జనీరో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447లో, వేగం కొలిచే గొట్టాలకు మంచు పట్టి రీడింగులు తప్పాయి, ఆటోపైలట్ తప్పుకుంది. విమానం నడిపే స్థితిలోనే ఉంది. కానీ పైలట్ విమానం ముక్కు పైకెత్తుతూ పోయాడు, దాంతో రెక్కలకు గాలి పట్టు తప్పి నాలుగున్నర నిమిషాల్లోపే అట్లాంటిక్‌లో పడింది, 228 మందీ పోయారు. అంత ఎత్తులో, రీడింగులు నమ్మలేని పరిస్థితిలో చేత్తో నడిపే శిక్షణ ఆ పైలట్లకు లేదని దర్యాప్తు నివేదికే చెప్పింది. పైలట్ల మీద నింద వేయడం నా ఉద్దేశం కాదు. రోజూ ఆ పని మిషన్ చేస్తుంటే మనిషికి చేయి ఎప్పుడు తిరుగుతుంది? 2013లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, వీలున్నప్పుడల్లా పైలట్లతో చేత్తో నడిపించండని విమాన కంపెనీలకు సూచించింది కూడా.

అంత దూరం ఎందుకు, సంతాప సందేశాలు చూడండి. తండ్రి పోయిన ఫ్రెండ్‌కి ఏం రాయాలో తోచక, "ఎలా ఉన్నావు" అని కొట్టి, చెరిపేసి, "ఏమైనా కావాలంటే చెప్పు" అని రాసి, అది మరీ ఆఫీసు మెయిల్‌లా ఉందని అదీ చెరిపేసి, చివరికి "ఆయన నా పేరు ఎప్పుడూ తప్పుగానే పిలిచేవారు, అదే గుర్తొస్తోంది" అని ఒక్క ముక్క పంపుతాం చూడండి, ఆ అరగంట తంటాలో మనం ఆ మనిషిని తలుచుకున్నాం. ఏఐనడిగితే క్షణంలో మూడు పేరాలు, ఒక్క తప్పుండదు. పోయినాయన మాత్రం అందులో ఎక్కడా ఉండడు.

కాలిక్యులేటర్ వచ్చినప్పుడూ ఇలాగే గోల చేశారు కదా అంటారు, ఈ పోస్ట్ కింద ఎవరో ఒకరు అననే అంటారు. చేశారు, అందులో సగం అనవసరపు గోలే. కాకపోతే కాలిక్యులేటర్‌కి ఏ లెక్క వేయాలో మనమే చెప్పాలి, వచ్చిన జవాబు పొంతన లేకుండా ఉంటే మనమే పట్టుకోవాలి. ఇప్పుడు ఆ రెండూ కూడా ఏఐకే వదిలేస్తున్నాం, పైగా టైమ్ మిగిలిందని సంబరపడుతున్నాం. మిగిలిన టైమ్‌లో ఏం చేస్తున్నామో మాత్రం నన్ను అడగకండి.