పూర్వజన్మ పాపమా, చేతిపంపు నీళ్లా: ఒక ఖండన

నాలుగు వాదాలున్న సందేశం ఒకటి కొన్ని వారాలుగా మా మర్రిగూడ, నాంపల్లి వైపు వాట్సాప్ గ్రూపులన్నిటిలోనూ తిరుగుతున్నది. నాస్తికత్వం పడమటి దేశాల సరుకు. గడియారానికి చేసినవాడు ఉన్నట్టే లోకానికీ ఉండాలి. దేవుడు లేకపోతే నీతి ఉండదు. మనుషుల బాధలన్నీ పూర్వజన్మ కర్మఫలం. దీన్ని పంపినవారిలో నా ఆప్తులూ ఉన్నారు. వారి భక్తితో నాకు పేచీ లేదు గానీ, ఈ వాదాల్లో ఒక్కటీ నిలవదు.

మొదటిది చరిత్రకే విరుద్ధం. దేవుణ్ణీ పరలోకాన్నీ ఒప్పుకోని లోకాయతులను (చార్వాకులను) పక్కన పెట్టినా, వేదాన్ని ప్రమాణంగా నమ్మిన మీమాంసకుడు కుమారిల భట్టు శ్లోకవార్తికంలో సృష్టికర్త ఉన్నాడన్న వాదాన్ని ఖండించాడు. శరీరం లేనివాడికి సృష్టించాలన్న కోరిక ఎలా కలిగింది, ఏ ప్రయోజనం కోసం కలిగింది అని నిలదీశాడు. ఫణిగిరి గుట్ట మీద స్తూపం కట్టుకున్న బౌద్ధులు, కొలనుపాక జైనులు కూడా సృష్టికర్తను ఒప్పుకోనివారే. ఆ రెండూ ఉమ్మడి నల్లగొండ జిల్లా ఊళ్లే.

గడియారం సంగతి. గడియారాలు చేసేవారిని చూశాం కనుకనే గడియారం కనబడగానే చేసినవాడిని ఊహిస్తాం. లోకాలను చేసేవారిని ఎవరూ చూడలేదు, పోల్చి చూడడానికి రెండో లోకమూ లేదు. స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ మతం గురించి రాసి, ఆయన మరణించాక 1779లో అచ్చయిన సంవాదాల్లో ఉన్న అభ్యంతరం ఇదే. జీవుల్లోని అమరికకు ప్రకృతి వరణం కారణమని డార్విన్ 1859లో చూపించాడు. పైగా శరీరాన్ని సాక్ష్యంగా తెచ్చేవారు శరీరం మొత్తాన్నీ తేవాలి. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకలోని ఖనిజం దాన్ని తనలో కలుపుకుంటుంది. ఏళ్ల తరబడి పేరుకుంటే కీళ్లు బిగుసుకుపోతాయి, వెన్ను వంగుతుంది. కంటి నిర్మాణం కర్తను చూపిస్తుందంటే ఈ ఎముకా ఆ కర్తనే చూపించాలి.

నీతి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. దేవుడు ఆజ్ఞాపించాడు కనుక మంచి మంచి అయిందా, మంచిది కనుక ఆజ్ఞాపించాడా అన్నది ప్లేటో నాటి ప్రశ్న. మొదటిదైతే క్రూరత్వాన్ని ఆజ్ఞాపించినా మంచే అనాలి. రెండోదైతే మంచికి ఆధారం వేరే ఉన్నట్టే. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం నెలకొల్పిన గోరాకు అంటరానితనం మీద పోరాడడానికి ఏ దేవుడి ఆజ్ఞా అవసరం కాలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది నాలుగో వాదం. నా చిన్నతనంలో మా వీధి చివరి ఇంట్లో పన్నెండేళ్ల పిల్లవాడికి మోకాళ్లు వంకరపోయి నడక పడిపోయింది. నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపించేవి. వాళ్ల నాయనమ్మ వాడిని వీపున మోసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టి, "ఏ జన్మల ఏం పాపం చేసిండో బిడ్డా" అని మా అమ్మతో అనేది. వాడు పుట్టినప్పటి నుంచి తాగింది ఆ ఇంటి ముందరి చేతిపంపు నీళ్లే. గ్రానైటు రాయిలోని ఫ్లోరైడ్ మా భూగర్భ జలంలో కరుగుతుంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దును ఇక్కడి బోర్లు ఎన్నో దాటాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే విధానానికి మా జిల్లా పేరే పెట్టి నల్లగొండ పద్ధతి అన్నారు. ఆ పటిక ఎవరి పాపాన్నీ విచారించదు.

కర్మవాదానికి గట్టి రూపం బ్రహ్మసూత్ర భాష్యంలో ఉంది. వాన అన్ని పైర్లకూ ఒకటే, తేడా విత్తనాలది. అలాగే ఈశ్వరుడు అందరికీ సమానం, తేడా వారి వారి కర్మది అంటారు శంకరులు. మొదటి కర్మ ఎక్కడిదంటే సంసారం అనాది అన్నది జవాబు. కానీ వానకు తెలివి లేదు, ఆపగల శక్తీ లేదు. సర్వజ్ఞుడికి, సర్వశక్తిమంతుడికి ఆ రెండూ ఉన్నాయంటున్నారు కదా. చేసిన తప్పేమిటో గుర్తులేని పిల్లవాడిని శిక్షించే న్యాయాధికారిని మనం న్యాయమూర్తి అనం. కారణాల వరుసను ఎంత వెనక్కి జరిపినా ఈ అభ్యంతరం తీరదు. కృష్ణా నీళ్లు ఇంటికొచ్చి చిన్నపిల్లల పళ్లు తెల్లగా ఉంటే అదీ కర్మేనంటారు. ఏది జరిగినా సరిపోయే మాట దేన్నీ వివరించినట్టు కాదు.

చివరకు, దేవుడి లీల మనకు అంతుపట్టదంటారు. అంతుపట్టనిదైతే అది దయ అని చెప్పే వీలూ లేదు. వాన కురిసిన రోజు ఆయన మనసు తెలిసినవారికి ఆ చేతిపంపు దగ్గర మాత్రం తెలియలేదంటే నేను ఒప్పుకోలేను.