ఆగ్నేయ మూల రిఫైనరీ

హన్మకొండలోని మా బావ వంటగది గురించి గిట్టనివాళ్లు మూడు మాటలు ప్రచారం చేస్తున్నారు. కిటికీలోంచి గోధుమ రంగు పొగ వచ్చిందని, పక్కింటివాళ్ల దండెం మీది చీరకు మరకలు పడ్డాయని, పెరట్లో కరివేపాకు చెట్టు ఎండిపోయిందని. మూడూ నిజమే. కానీ ఆ పొగ వెనకున్న శాస్త్రీయ దృక్పథాన్ని ఒక్కరూ మెచ్చుకోవడం లేదు. ఆ లోటు తీర్చడానికే ఇది రాస్తున్నాను.

వెండి కిలో లక్ష దాటాక బావకు వాళ్ల నాయనమ్మ కడియాలు గుర్తొచ్చాయి. దుకాణానికి తీసుకెళ్తే వాళ్లు గీటి చూసి, రాగి కలిసిందని, తరుగు పోతుందని చెప్పారు. "నా ఇంటి వెండికి వానికి తరుగెందుకియ్యాలె బామ్మర్దీ? నేనే శుద్ధి చేస్కుంట" అన్నాడు. ఫోన్లో మూడు వీడియోలు చూశాడు. మూడోది అయిపోయేసరికి రసాయన శాస్త్రం కూడా అయిపోయింది. అందులో తేలిన పద్ధతి, కడియాలను నైట్రిక్ యాసిడ్‌లో కరిగించడం.

ప్రయోగశాలగా వంటగదినే ఎంచుకోవడానికి కారణం వాస్తు. వంటగది ఆగ్నేయం, అది అగ్నిదేవుడి మూల. పొగ సంగతి ఆయనే చూసుకుంటాడు.

గాలి కోసం బావ చేసిన ఏర్పాటు ఇంకా గొప్పది. హాల్లోని సీలింగ్ ఫ్యాను ఐదు మీద పెట్టి, వంటగది తలుపు బార్లా తెరిచాడు. ఫ్యాను గాలిని బయటకు పంపదు కదా బావా, ఉన్నదాన్నే ఇల్లంతా తిప్పుతుంది కదా అన్నాను. "మంచిదే గద. ఒక్కనికే ఎక్కువ గావద్దు, అందరికి సమానంగ రావాలె" అన్నాడు. ఓరుగల్లు గడ్డ మీద పుట్టినవాడికి సమాన పంపిణీ మీద ఆమాత్రం మమకారం ఉంటుంది.

పంపిణీ ఎంతవుతుందో నేను లెక్క వేశాను. వంద గ్రాముల వెండి గాఢ నైట్రిక్ యాసిడ్‌లో కరిగితే, పాఠ్యపుస్తకంలోని సమీకరణం ప్రకారం, సుమారు 22 లీటర్ల నైట్రోజన్ డయాక్సైడ్, అంటే ఆ గోధుమ రంగు విషపు పొగ, వస్తుంది. పదడుగుల గది, పదడుగుల ఎత్తు అంటే దాదాపు 28 వేల లీటర్ల గాలి. అంటే పది లక్షల భాగాల గాలిలో 780 భాగాల దాకా ఈ వాయువే. ప్రాణానికి తక్షణ ప్రమాదమని అమెరికా ఆరోగ్య నిపుణులు పెట్టుకున్న హద్దు 13. మనవాళ్లకు ఓర్పు ఎక్కువ కాబట్టి అరవై రెట్లు పెద్ద విషయం కాదు. పైగా ఇది వెండి వాటా మాత్రమే. రాగి కరిగేటప్పుడు గ్రాముకు గ్రాము ఇంకా ఎక్కువ పొగ ఇస్తుంది. నీళ్లు కలిపి పలచన చేస్తే తగ్గుతుంది గానీ పోదు. అప్పుడు రంగులేని వాయువు వచ్చి, గాలి తగలగానే గోధుమ రంగుకు తిరుగుతుంది.

ఇదంతా చదివి వినిపిస్తే బావ నవ్వాడు. "మీ అక్క ఎండుమిరపకాయల పోపు పెడ్తే వాడంత దగ్గుతది. ముప్పయ్యేండ్ల సంది పీలుస్తున్న. నాకేమైంది?"

ఈ వాదనకు నా దగ్గర జవాబు ఉంది గానీ, అది మిరపకాయను పొగిడే జవాబు. మిరపకాయ నిజాయతీపరురాలు. ముక్కు దగ్గరే గొడవ పెట్టుకుని మనిషిని వీధిలోకి తరిమేస్తుంది. అమోనియా కూడా అంతే, తడి తగలగానే కరిగి గొంతులోనే మండుతుంది. నైట్రోజన్ డయాక్సైడ్ నీళ్లలో అంత త్వరగా కరగదు. గొంతులో పెద్దగా అల్లరి చేయకుండా ఊపిరితిత్తుల అడుక్కి పోయి కూర్చుంటుంది. అక్కడ తీరిగ్గా ఆమ్లంగా మారుతుంది. కాసేపు దగ్గు వచ్చి తగ్గిపోతుంది, మనిషి అన్నం తిని పడుకుంటాడు. కొన్ని గంటలకు, ఒక్కోసారి మర్నాటికి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అప్పు ఇచ్చి, నవ్వుతూ వెళ్లిపోయి, అర్ధరాత్రి తలుపు కొట్టే షావుకారు లాంటిది.

ఇంకో చిక్కు. అది గాలి కన్నా బరువు. వేడి మీద పైకి లేచినా, చల్లారాక కిందికి దిగుతుంది. మన ఇళ్లలో వెంటిలేటర్లు కప్పు దగ్గర ఉంటాయి, మనుషులు కింద ఉంటారు. ఆ రోజు హాల్లో చాప మీద పడుకున్నది బావ వాళ్లమ్మ. ఆమెను బలవంతాన పక్కింటికి పంపడం ఒక్కటే ఆ ఇంట్లో ఆ రోజు జరిగిన భద్రతా చర్య. అది కూడా అక్క సీరియల్ సాకుతో చేసింది.

మాస్కు లేదనకండి. కరోనా నాటి బట్ట మాస్కు ఉంది, దాని మీద తడి దస్తీ కూడా. బట్ట దుమ్మును కొంత ఆపుతుందేమో గానీ వాయువుకు అది జల్లెడ కూడా కాదు. నిజానికి ఈ పని జరగాల్సింది మూసిన గాజు పెట్టెలాంటి ఫ్యూమ్ హుడ్‌లో. పొగను గొట్టంతో లాగి, కాస్టిక్ సోడా నీళ్లలోంచి పంపి కడిగి, మిగిలింది కప్పు మీదకు, జనానికి దూరంగా వదలాలి. అంత ఖర్చు పెడితే తరుగు మిగలదు. కాబట్టి బావ ఆ పిరికి మార్గాన్ని తిరస్కరించాడు.

కరీంనగర్ వెండి తీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సన్నని తీగెలు చూసి అబ్బా అనేవాళ్లం, కుంపటి ముందు కూర్చున్న మనిషి ఏం పీలుస్తున్నాడో అడిగింది తక్కువ. అందుకని తప్పంతా బావదే అనను. మేడారంలో బెల్లాన్ని బంగారం అనుకునే భక్తి మనది. ఆయన పొగను పొదుపు అనుకున్నాడు.

వెండి కరిగింది. రాగి ముక్క వేస్తే బూడిద రంగు మడ్డిలా వెండి అడుగున పేరుకుంది. మిగిలిన నీలి నీళ్లు, అంటే కరిగిన రాగి, కరివేపాకు పాదులోకి వెళ్లాయి. చెట్టు వారం కూడా నిలవలేదు.

రాత్రి రెండింటికి అక్క ఫోన్. "తమ్మీ, మీ బావకు దమ్ము వస్తలేదు, జెల్ది రా." ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఏం పీల్చారు?" అని కాదు, "ఎన్ని గంటలైంది?" అని. ఆక్సిజన్ పెట్టి రెండు రోజులు ఉంచారు. ఆక్సిజన్ మాస్కులోంచి బావ చేత్తో సైగ చేస్తుంటే నీళ్లు కావాలేమో అనుకున్నాను. కాదు, వెండి ముద్దను ఎవరూ పారేయొద్దని.

డిశ్చార్జి అయ్యాక ఆ ముద్దను తీసుకుని అదే దుకాణానికి వెళ్లాం. వాళ్లు గీటి చూశారు, ఇంకోసారి చూశారు.

"ఇంట్ల తీసిందా? మల్ల కరగబెట్టి చూడాలె సార్. తరుగు పడ్తది."