దండులో మంచివాడు ఉంటే దండయాత్ర మారుతుందా?

'ఎక్స్‌పెడిషన్స్: కాంకిస్టడార్' అనే టాక్టికల్ రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్ 2013లో వచ్చింది. డెన్మార్క్‌లోని లాజిక్ ఆర్టిస్ట్స్ అనే చిన్న స్టూడియో కిక్‌స్టార్టర్ చందాల సాయంతో దాన్ని తయారుచేసింది. కథ సాగేది ముందు కరీబియన్‌లోని హిస్పానియోలా దీవిలో, తర్వాత మెక్సికోలో. 16వ శతాబ్దంలో ఆ నేలల మీదికి వచ్చిన స్పెయిన్ దండుకు నాయకుడు ప్లేయరే. ఆరుపలకల గళ్ల మీద వంతులవారీగా సాగే పోరాటాలు బాగానే ఉంటాయి. కానీ నా దృష్టిలో ఈ గేమ్ బలమంతా చీకటి పడ్డాక వేసే విడిదిలోనే ఉంది.

కాపలాకు ఎవరు, వేటకు ఎవరు, గాయపడ్డవాళ్లను చూసుకునేది ఎవరు? ఉన్న కొద్దిమందికే ఈ పనులన్నీ పంచాలి. వేటాడిన మాంసాన్ని నిల్వచేసే మనిషి లేకపోతే అది పాడవుతుంది. పైగా ఒక్కొక్కరిదీ ఒక్కో బుద్ధి. స్థానికులతో మర్యాదగా మాట్లాడితే జాతి అహంకారం ఉన్నవాడికి కోపం, మాట్లాడకపోతే విశాల హృదయం ఉన్నవాడికి బాధ. అసంతృప్తి ముదిరితే తిరగబడతారు కూడా.

ఇది కల్పన కోసం పెట్టిన టెన్షన్ కాదు. మెక్సికోను జయించిన స్పెయిన్ సేనాని హెర్నాన్ కోర్టెస్ 1519లో క్యూబా నుంచి బయల్దేరినప్పుడు వెంట ఉన్న సుమారు 500 మందిలో ఎక్కువమంది జీతగాళ్లు కాదు. అప్పుచేసి ఆయుధాలు కొనుక్కుని, దోపిడీలో వాటా కోసం వచ్చినవాళ్లు. బంగారం దొరక్కపోతే వాళ్లకు మిగిలేది అప్పే. అంత క్రూరత్వం ఎక్కడినుంచి వచ్చిందో ఈ లెక్క చూస్తే చాలావరకు తెలుస్తుంది. గేమ్ దాన్ని పట్టుకుంది.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. ప్లేయర్ దయగల నాయకుడిగా ఉండొచ్చు, ఊళ్లను దోచకుండా సాగిపోవచ్చు. అప్పుడు జరిగిన ఘోరమంతా కొందరు చెడ్డవాళ్ల పనే అనిపిస్తుంది. నిజానికి అది కాగితం మీద రాసుకున్న ఏర్పాటు. 1513 నాటి 'రెకెరిమియెంతో' ప్రకటననే చూడండి. పోప్ ఈ నేలను స్పెయిన్ రాజులకు ఇచ్చాడు, లొంగకపోతే మీ ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలను చేస్తాం, జరిగే చావులకు బాధ్యత మీదే అంటుంది. వినేవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాని భాషలో, కొన్నిసార్లు జనం పారిపోయిన ఖాళీ ఊళ్లలో కూడా దాన్ని చదివారు. ఇంత పద్ధతిగా నడిచిన దోపిడీని ఒక నాయకుడి మంచితనం ఆపలేదు. 1520లో మెక్సికోను ఊడ్చేసిన మశూచికైతే ఎవరి మంచితనంతోనూ పనిలేదు.

ఇంకో పెద్ద లోటు, మనం ఎప్పుడూ వచ్చినవాళ్ల వైపే ఉండటం. మెక్సికోలో సామ్రాజ్యం ఏలిన అజ్టెక్‌ల రాజధాని తెనోచ్తిత్లాన్ 1521 ఆగస్టు 13న పడిపోయింది. దాన్ని ముట్టడించిన సేనలో స్పెయిన్‌వాళ్లు కొద్దిమందే, మిగతావాళ్లంతా త్లాష్కలా వంటి రాజ్యాల యోధులు. అజ్టెక్‌లు చుట్టుముట్టి ఉప్పు, పత్తి కూడా అందకుండా చేసిన రాజ్యం త్లాష్కలా. 1519లో అది మొదట కోర్టెస్‌తో పోరాడింది. తర్వాత సభలో పెద్దలు పొత్తు వైపు మొగ్గారు. యువ సేనాని షికొతెంకాత్ల్ మాత్రం ఒప్పుకోలేదు. చివరికి 1521లో కోర్టెస్ అతన్ని ఉరి తీయించాడు.

ఈ జానర్‌లో తర్వాతి గేమ్ తీసేవాళ్లు ఆ త్లాష్కలా సభలో ప్లేయర్‌ను కూర్చోబెట్టాలి. రేషన్ లెక్కల్లో ఉప్పు లేదు, ఎదుట కొత్త శత్రువు, వెనక పాత శత్రువు. పొత్తా, పోరాటమా అన్నది ఆ సభలోనే తేలాలి.