అందరికీ నమస్కారం బాబాయ్!

మా బాబాయ్ తెనాలిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఊరికే కూచోలేక గళ్ళనుడికట్టు గీసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం మొదలెట్టాడు, జనం బాగానే మరిగారు. ఓ రోజు ఎవరో "మాస్టారూ, నెలకి 99 పెట్టినా కడతాం" అన్నార్ట, ఇంకేముంది, రాత్రి పదింటికి నాకు ఫోను. "ఒరేయ్, నువ్వు కంప్యూటర్లో పనిచేస్తావు కదా, డబ్బు కట్టినోళ్ళకే జవాబులు కనబడే వెబ్‌సైటు ఒకటి పెట్టు."

నేను చేసేది టెస్టింగ్, అంటే ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. ఆ ముక్క 12 ఏళ్ళుగా మా ఇళ్ళల్లో చెప్తున్నా ఎవరికీ ఎక్కలేదు. సరే, సీఎంఎస్, అంటే వెబ్‌సైటు నడిపే సాఫ్ట్‌వేర్, ఏది తీసుకోవాలో చూద్దామని ఎక్సెల్లో పెద్ద పట్టిక వేసి పంపించా. బాబాయ్ ఆ పట్టిక తెరవలేదు, పేర్లు మాత్రం చదివించుకున్నాడు.

"డ్రూపల్ అంటే ఏంట్రా?" డచ్చి భాషలో బొట్టు అనే మాట నుంచి వచ్చింది బాబాయ్, 2001 నాటిది, గట్టిది, కానీ నేర్చుకునేసరికి మనకి బొట్టు బొట్టుగా చెమటలు పడతాయి అన్నా. జూమ్లా అంటే స్వాహిలిలో 'అంతా కలిపి' అనగానే ఆయన లేచి కూచుని, "అది అరబ్బీ మాట్రా, ఉర్దూలో జుమ్లా ఉందిగా, అక్కణ్ణించే పోయుంటుంది" అని అరగంట పాఠం చెప్పాడు, సాఫ్ట్‌వేర్ సంగతి అక్కడితో సరి. నిజానికి నాకు మనసైంది ఘోస్ట్ మీద, మెంబర్‌షిప్ అందులోనే ఉంటుంది, వేరే ప్లగిన్లు, అంటే పైనుంచి తగిలించే అదనపు ముక్కలు, అతికించక్కర్లేదు, మన డబ్బులో వాటా అడగదు. పేరు వినగానే బాబాయ్ "దెయ్యం కొంపకి డబ్బు కట్టి ఎవడొస్తాడ్రా" అన్నాడు. ఆయన అనకపోయినా కుదిరేది కాదులెండి, అది డబ్బులు తీసుకునేది స్ట్రైప్ అనే పేమెంట్ కంపెనీ ద్వారా, మన దేశంలో స్ట్రైప్ వాళ్ళు కొత్త ఖాతాలు పిలిచి ఇస్తేనే గానీ ఇవ్వట్లేదు, తెనాలి మాస్టార్ని ఎవరు పిలుస్తారు.

అలా వర్డ్‌ప్రెస్‌లో పడ్డాం. పైన ఓ మెంబర్‌షిప్ ప్లగిన్, డబ్బు వసూలుకి పేమెంట్ గేట్‌వే ప్లగిన్, స్పీడుకి ఇంకో ప్లగిన్, పెళ్ళికొడుకు వెంట బంధువుల్లాగ.

మొదటి గొడవ ఆటోపే దగ్గరొచ్చింది. నెలనెలా డబ్బు దానంతటదే కట్ అవ్వాలంటే 24 గంటల ముందు కస్టమరుకి మెసేజ్ వెళ్ళాలి, రిజర్వ్ బ్యాంక్ రూలు. "రేపు మీ ఇంటికి దొంగతనానికొస్తున్నాం అని ఉత్తరం రాసినట్టుందిరా" అన్నాడు. రెండోది తెలుగు శీర్షికలు, పేజీ అడ్రసు వాటి నుంచే తయారవుతుంది. వాట్సాప్‌లో లింకు పెడితే పర్సెంట్ ఈజీరో పర్సెంట్ బీజీరో అంటూ మూరెడు తోక వస్తోంది, ఎందుకంటే మన అక్షరం ఒక్కోటి అక్కడ 9 గుర్తులు, గుణింతం, పొల్లు కూడా వేరేగా లెక్క. లోపల ఆ అడ్రసుకున్న చోటేమో 200 గుర్తులకే, అంటే ఇరవై రెండు అక్షరాలు దాటితే కత్తెర. "నా సమాసాలన్నీ నడుం దగ్గర తెగ్గోశాడు వెధవ" అని బాబాయ్ రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదని పిన్ని చెప్పింది. అడ్రసులో నంబర్లు పెట్టి ఆ ముచ్చట తీర్చా.

ఆదివారం ఓపెనింగ్. శనివారం రాత్రి సైటు నత్తలా ఉందని స్పీడు ప్లగిన్‌లో కనిపించిన ప్రతి గడిలోనూ టిక్ పెట్టేసి, బాబాయ్ లాగిన్‌తోనే ఓసారి చూసుకుని, అదిరింది అనుకుని పడుకున్నా.

పొద్దున్నే ఒకావిడ బాబాయ్‌కి ఫోను. "మాస్టారూ, 99 కట్టాను, లోపలికెళ్తే నన్ను 'నమస్కారం బాబాయ్' అంటోందేంటండీ, నాకు మీసాలేమన్నా వచ్చాయా?" ఆ వెంటనే ఇంకొకాయన, ఆయనకీ నమస్కారం బాబాయే. మూడో ఆయన డబ్బు కట్టనేలేదు, ఆయన్నీ బాబాయ్ అని ఆదరంగా పిలిచి, కూచోబెట్టి, జవాబులన్నీ చూపించేసింది. వాట్సాప్ గ్రూపులో మధ్యాహ్నానికి అందరూ ఒకళ్ళనొకళ్ళు బాబాయ్ అని పిలుచుకుంటున్నారు.

జరిగిందేంటంటే, ఆ టిక్కుల్లో ఒకటి 'లాగిన్ అయినవాళ్ళ పేజీలు కూడా క్యాష్ చెయ్యి' అన్నది. క్యాష్ అంటే ఒకసారి వండిన పేజీని పక్కన పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ అదే వడ్డించడం. నేను చూసింది బాబాయ్ పేజీ, ఊరందరికీ అదే విస్తరి. లాగవుట్ చేసి ఓసారి చూసుంటే సరిపోయేది. నాది టెస్టింగ్ అని ఇందాక చెప్పాను కదా, ఇప్పుడు మళ్ళీ గుర్తుచెయ్యకండి.

"క్యాష్ కోసం సైటు పెడితే క్యాష్ వల్లే పోయిందంటావా?" అన్నాడు బాబాయ్. కోప్పడలేదు. తిట్టుంటే బాగుణ్ణు.

టిక్ తీసేసి, పక్కన పెట్టుకున్న పేజీలన్నీ చెరిపి, ఈసారి నా ఫోన్లో, పక్కింటాయన ఫోన్లో, ఆఫీసు లాప్‌టాప్‌లో లాగిన్ లేకుండా చూసి మరీ చెప్పా. ఈలోగా బాబాయ్ ఆ అడ్మిన్ పేజీలన్నీ తిరిగి నేర్చేసుకుని పాస్‌వర్డ్ మార్చేశాడు, నన్ను అడ్మినిస్ట్రేటర్ నుంచి సబ్‌స్క్రైబర్‌కి దించాడు, అది కూడా డబ్బు కట్టని సబ్‌స్క్రైబర్.

మరుసటి ఆదివారం నుడికట్టులో 7 అడ్డం: "తలుపులు బార్లా తెరిచిపెట్టి తాళంచెవి భద్రంగా జేబులో వేసుకునేవాడు. ఆరక్షరాలు." మొదటక్షరం అ, మూడోది గా, చివర యి. అన్నగారబ్బాయి కాదు కదా అని గళ్ళు లెక్కపెట్టుకున్నా, అతికినట్టు సరిపోయింది. ఏమో, ఇంకేదన్నా మాట అయ్యుండచ్చు అన్న ఆశతో జవాబుల పేజీ నొక్కితే 99 కట్టమంది. సైటు బ్రహ్మాండంగా పనిచేస్తోంది.